నీళ్ళు తగ్గిన సరస్సులో వాలై వేట

మన పల్లెటూళ్ళలో పెరిగినవాళ్ళకి ఎండాకాలం చెరువు గుర్తుండే ఉంటుంది. నీళ్ళు మోకాలి లోతుకి వచ్చాయని తెలియగానే ఊరంతా చెరువులో దిగేది. ఒకరి చేతిలో వల, ఒకరి చేతిలో గంప, ఏమీ లేనివాడికి భుజం మీద తువ్వాలే వల. బురదలో కొర్రమీను దొరికినవాడి కేక నాలుగు వీధులకి వినిపించేది. ఆ రోజే చెరువు అడుగున ఉన్నవన్నీ కూడా బయటపడేవి. ఎప్పుడో జారిపోయిన బిందె, పాత తూము రాళ్ళు, ఏ కాలానిదో తెలియని గోడ మొదలు. నీళ్ళు తగ్గితే చేపలు దొరుకుతాయి, మరుగున పడ్డవీ దొరుకుతాయి.

అమెరికా వచ్చాక ఈ రెండో సంగతిని మనం మర్చిపోయాం. ఇక్కడి సరస్సు మనకి పిక్నిక్ చోటు. పడవ, గ్రిల్లు, పిల్లల లైఫ్ జాకెట్లు, సాయంత్రానికి పులిహోర డబ్బా ఖాళీ. ఆ నీళ్ళు ఎప్పటినుంచి ఉన్నాయి, వాటి కింద ఏముంది అని అడిగేవాళ్ళు తక్కువ. నేను నార్త్ డకోటాలో ఉద్యోగం చేసిన రోజుల్లో వాలై చేపల కోసం వెళ్ళి, నీళ్ళు బాగా తగ్గిపోయిన సకాకవియా సరస్సుని చూశాను. ఆ చేపల వెంట వెళ్తే దొరికిన చరిత్ర ఇది.

ముందు కొన్ని అంకెలు

మిసోరీ నది మీద గారిసన్ డ్యామ్ ఒక మట్టికట్ట. పొడవు రెండు మైళ్ళకి పైనే, ఎత్తు 210 అడుగులు. 1947లో పనులు ఊపందుకున్నాయి. 1953 ఏప్రిల్‌లో నదిని మూసేశారు. ఆ జూన్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ స్వయంగా వచ్చి ఉత్సవంలో పాల్గొన్నాడు. 1956లో కరెంటు తయారవడం మొదలైంది. డ్యామ్ వెనక నిలిచిన నీటి పొడవు 178 మైళ్ళు. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా నీళ్ళు నిలిచాయని ఊహించుకోండి, సుమారుగా అంత. నిండితే వెయ్యి టీఎంసీల పైచిలుకు పడుతుంది. నాగార్జున సాగర్ కట్టినప్పటి సామర్థ్యం 408 టీఎంసీలు, శ్రీశైలానిది 308. రెండూ కలిపినా దీనికి సరిపోవు. మనుషులు కట్టిన జలాశయాల్లో అమెరికా మొత్తమ్మీద మీడ్, పావెల్ సరస్సుల తరవాత ఇదే పెద్దది. 1804లో బయల్దేరిన లూయిస్, క్లార్క్ బృందంతో పసిపిల్లని వీపున కట్టుకుని పసిఫిక్ తీరం దాకా నడిచిన శోషోని స్త్రీ పేరే ఈ సరస్సు పేరు. ఆమె అప్పటికి ఈ నది ఒడ్డున హిడాట్సాల ఊళ్ళో ఉండేది.

ఈ సరస్సులో నీటిని సముద్రమట్టం నుంచి అడుగుల్లో లెక్కిస్తారు, మన సాగర్‌లో 590 అడుగులు అన్నట్టే. వరదల కోసం ఖాళీగా ఉంచే భాగం మొదలయ్యే మట్టం 1837.5 అడుగులు. 2000 నుంచి వరసగా వచ్చిన కరువుతో ఆ మట్టం దిగిపోతూ వచ్చి, 2005 మే నెలలో 1805.8 అడుగులకు చేరింది. సరస్సు నిండిన తరవాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 32 అడుగులు తగ్గడం అంటే లోయలో 32 అడుగులే. ఏటవాలు తక్కువున్న చోట ఒడ్డు మైలు దూరం జరిగిపోతుంది. పడవలు దించడానికి వేసిన కాంక్రీటు బాటలు బురదలో ఆగిపోయాయి. సరస్సు పై చివర విల్లిస్టన్ వైపు మళ్ళీ నదిలా మారిపోయింది.

వాలై అనే చేప

ఈ చేపకి తెలుగులో పేరు లేదు, మన నదుల్లో ఇది ఉండదు గనక. కానీ "వాలై" అని మొదటిసారి విన్నప్పుడు నాకు మన వాలుగే గుర్తొచ్చింది. రెండింటికీ చుట్టరికం లేదు. వాలుగ మీసాలున్న జెల్ల జాతి, పొలుసులుండవు. వాలైకి గరుకు పొలుసులు, వీపు మీద ముళ్ళ రెక్క, నోట్లో పళ్ళు. అన్నట్టు వాలుగకి శాస్త్రజ్ఞులు పెట్టిన వల్లాగో అన్న పేరు మన తెలుగు మాట నుంచే వెళ్ళింది. ఇంకో తమాషా ఏమిటంటే, వాలైకి తమ్ముడి లాంటి చిన్న చేప ఒకటి మిసోరీ నదిలో ఉంటుంది. దాని పేరు ఇక్కడివాళ్ళు దాదాపు "సాగర్" అనే పలుకుతారు. గుంటూరు జిల్లావాడికి ఆ పేరు వింటే నవ్వు రాక మానదు.

వాలైకి ఆ పేరు కళ్ళ వల్ల వచ్చింది. కంటి వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఉంటుంది. టార్చి వేస్తే పిల్లి కళ్ళలా పాలతెలుపుగా మెరుస్తాయి. మసక వెలుతురులో, గాలికి కలగిన నీళ్ళలో ఇది బాగా చూస్తుంది, దాని ఆహారమైన చిన్న చేపలు సరిగా చూడలేవు. అందుకే తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ, మబ్బు పట్టి అలలు లేచిన రోజున వేట బాగుంటుంది. తెల్లటి మాంసం, ముళ్ళు తక్కువ. ఇక్కడివాళ్ళు పిండి అద్ది వేయిస్తారు. మనవాళ్ళు అల్లం వెల్లుల్లి, కారం పట్టించి వేయిస్తే పిల్లలు కూడా పేచీ పెట్టకుండా తింటారు. పులుసుకి మాత్రం ముక్క విడిపోతుంది, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి.

ఆకులు రాలాక

వేసవి సెలవుల్లో సరస్సు నిండా జనం. అక్టోబరు వచ్చేసరికి జింకల వేట, ఫుట్‌బాల్, చలి, అందరూ ఎటువాళ్ళటు పోతారు. అసలు వేటగాళ్ళు అప్పుడు వస్తారు. నన్ను తీసుకెళ్ళింది మా ఆఫీసులో పనిచేసిన ఒక పెద్దాయన, మైనాట్ దగ్గర పుట్టి పెరిగినవాడు. ఫార్గో నుంచి అయిదు గంటలకి పైగా ప్రయాణం. 2005 అక్టోబరు అది. మే నెల నాటి కనిష్ఠం నుంచి సరస్సు కొంచెం కోలుకున్నా, ఉండాల్సిన చోటుకి ఇంకా ఇరవై అడుగులకి పైగా కిందే ఉంది.

ఆకురాలే కాలంలో నీళ్ళలో ఏం జరుగుతుందో మన ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఫిజిక్సు చాలు అర్థం చేసుకోవడానికి. వేసవిలో పైన వెచ్చటి నీళ్ళు, కింద చల్లటి నీళ్ళు పొరలుగా ఉంటాయి. చలి మొదలయ్యాక పైపొర చల్లబడి, బరువెక్కి కిందికి దిగుతుంది. పొరలు కలిసిపోతాయి. ఆ కలిసే రోజుల్లో చేప ఎక్కడైనా ఉండొచ్చు, పట్టడం కష్టం. కలిసిపోయాక వాలైలు నిటారుగా దిగే గట్ల పక్కకి, పాత నదీ మార్గం అంచులకి చేరతాయి. ముప్ఫై, నలభై అడుగుల లోతులో కూడా ఉంటాయి. సరస్సు గడ్డ కట్టేలోగా కడుపు నింపుకోవాలి గనక తిండి మీద ధ్యాస ఎక్కువ. సీసపు గుండు ఉన్న కొక్కేనికి చిన్న చేపపిల్లని గుచ్చి, నేల తగిలేదాకా దించి, జానెడు పైకెత్తి, మళ్ళీ దించాలి. అంతే పని. వాలై కొట్టినప్పుడు లాగినట్టు ఉండదు, తీగ ఉన్నట్టుండి బరువెక్కినట్టు ఉంటుంది. చేతులు కొంకర్లు పోయే చలిలో ఆ తేడా తెలియడానికే ఓ పూట పట్టింది నాకు.

నీళ్ళు తగ్గిన ఏడాది ఈ వేటకి ఇంకో తీరు ఉంటుంది. మామూలప్పుడు చేపలు తిరిగే వెనక పాయలు ఎండిపోతాయి. చేప అంతా లోతైన నడిమి భాగానికి సర్దుకుంటుంది. వెతకాల్సిన చోటు తగ్గుతుంది. కానీ పడవ దించడం గండం. దిగినా, నిన్నటిదాకా పది అడుగుల లోతున ఉన్న చెట్ల మోళ్ళు ఇవాళ పడవ అడుగుకి తగులుతాయి. వాయవ్యం గాలి లేచిందంటే అలలు మనిషెత్తు. ఆ చలి నీళ్ళలో పడితే ఈత వచ్చినా నిమిషాల్లో చేతులు పనిచేయవు. లైఫ్ జాకెట్టు వేసుకోమని పెద్దాయన ఒకటికి రెండుసార్లు చెప్పింది అందుకే.

ఆయన పడవలో సోనార్ తెర ఉంది. దాని మీద సరస్సు అడుగు గీతలుగా కదులుతుంది. ఆయన గీత చూసి చెప్పేవాడు: "ఇది పాత వాగు. ఇది గుట్ట. ఇదుగో, ఇది రోడ్డు కట్ట, దీని పక్కన చేప ఉంటుంది." రోడ్డా అన్నాను. నీళ్ళ కింద రోడ్డు ఎందుకుంటుంది? అప్పుడు మేమున్న పాయ పేరు వాన్ హుక్. వాలై వేటకి పేరున్న చోటు. "వాన్ హుక్ ఒక ఊరు. దాని పేరే దీనికి పెట్టారు" అన్నాడాయన, గాలం పైకి తీస్తూ.

నీళ్ళ కింద దేశం

మిసోరీ నది ఒడ్డున మాండన్, హిడాట్సా, అరికరా అనే మూడు తెగలవాళ్ళు వందల ఏళ్ళు బతికారు. సినిమాల్లో చూపించినట్టు గుర్రాల మీద తిరిగేవాళ్ళు కాదు, రైతులు. మట్టి కప్పిన గుండ్రటి ఇళ్ళు, నది లంకల్లో మొక్కజొన్న, చిక్కుళ్ళు, గుమ్మడి, పొద్దుతిరుగుడు. బఫెలో బర్డ్ వుమన్ అనే హిడాట్సా రైతు స్త్రీ చెప్పిన సేద్యపు పద్ధతులన్నీ గిల్బర్ట్ విల్సన్ రాసుకుని 1917లో పుస్తకంగా వేశాడు. ఆ సేద్యం గురించి ఈనాటికీ దాన్నే చదువుతారు.

1837లో ఒక స్టీమరుతో పాటు మశూచి వచ్చింది. మాండన్లలో మిగిలినవాళ్ళు నూటయాభై మందికి మించలేదు. బతికినవాళ్ళు హిడాట్సాలతో కలిసి 1845లో లైక్ ఎ ఫిష్‌హుక్ అనే ఊరు కట్టుకున్నారు. గాలంలా వంపు తిరిగిన నది ఒడ్డు గనక ఆ పేరు. తరవాత అరికరాలూ వచ్చి చేరారు. అలా మూడు తెగలు ఒకటయ్యాయి. వాళ్ళకి మిగిలిన నేల ఫోర్ట్ బర్తోల్డ్ రిజర్వేషన్. నది వంపులో ఎల్బోవుడ్స్ అనేది వాళ్ళ ముఖ్య పట్టణం. ఆసుపత్రి, బడి, ప్రభుత్వ కార్యాలయం అన్నీ అక్కడే. చుట్టూ నీషు, లక్కీ మౌండ్, షెల్ క్రీక్, ఇండిపెండెన్స్ లాంటి ఊళ్ళు.

1943లో మిసోరీకి వరదలు వచ్చి దిగువ పట్టణాలు మునిగాయి. 1944లో అమెరికా కాంగ్రెస్ వరద నివారణ చట్టం చేసింది. ఆర్మీ ఇంజనీర్ల తరఫున లూయిస్ పిక్, నీటిపారుదల శాఖ తరఫున గ్లెన్ స్లోన్ ఇచ్చిన రెండు పథకాలని కలిపి నదిమీద వరసగా డ్యాములు కట్టాలన్నారు. ఆ మూడు తెగలవాళ్ళు వద్దని ఊరుకోలేదు. తమ నేలలోనే ఎగువన ఇంకో చోటు చూపించి, అక్కడ కట్టుకుంటే ఆ స్థలం ఉచితంగా ఇస్తామన్నారు. ఇంజనీర్లు ఒప్పుకోలేదు. ఎగువ విల్లిస్టన్ పట్టణానికి మాత్రం రక్షణ గట్లు కట్టారు. వీళ్ళతో ఒప్పందం కుదరకముందే పని మొదలైంది.

1948 మే 20న వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి ప్రసిద్ధం. మంత్రి క్రూగ్ బల్ల మీద వంగి సంతకం పెడుతున్నాడు. పక్కన తెగల మండలి అధ్యక్షుడు జార్జ్ జిల్లెట్, సూటు వేసుకున్న మనిషి, కళ్ళద్దాలు తీసి చేత్తో మొహం కప్పుకుని ఏడుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కాగితం వైపు చూస్తున్నారు.

మునిగింది లక్షా యాభై వేల ఎకరాలకి పైగా, రిజర్వేషన్‌లో నాలుగో వంతుకి మించి. సాగుభూమిలో అయితే 94 శాతం. మూడు వందల పైచిలుకు కుటుంబాలు, అంటే జనంలో 80 శాతం, లేచిపోవాల్సి వచ్చింది. లంక భూములు, పొయ్యిలోకి కట్టెలు, పళ్ళ పొదలు, గాలికి అడ్డుగా పెద్ద చెట్లు అన్నీ పోయి, ఈదురుగాలి కొట్టే మెట్ట మీదకి వెళ్ళారు. సరస్సు రిజర్వేషన్‌ని అయిదు ముక్కలు చేసింది. నది దాటితే అవతలే ఉన్న అన్నదమ్ములు చుట్టూ తిరిగి వెళ్ళేంత దూరమయ్యారు. శానిష్, వాన్ హుక్ అనే రెండు ఊళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళవి, ఆ జనం న్యూ టౌన్ అని కొత్త ఊరు కట్టుకున్నారు. పేరు ఆలోచించే ఓపిక కూడా లేకపోయిందేమో అనిపిస్తుంది.

ఇంత చేసి రాష్ట్రానికి ఇస్తామన్న సేద్యపు నీళ్ళు వచ్చాయా? 1944 నాటి పథకంలో ఆయకట్టు దాదాపు పది లక్షల ఎకరాలు. 1965లో దాన్ని రెండున్నర లక్షలకి తగ్గించారు, 1986లో ఇంకా కోసేశారు. వరద ఆగింది, కరెంటు వచ్చింది, దిగువన పడవలు నడిచాయి. నార్త్ డకోటాకి మాత్రం ఎవరూ పెద్దగా లెక్కలోకి తీసుకోని పంట ఒకటి మిగిలింది. అది వాలై.

చేప కోర్టుకెక్కింది

1971లో ఈ సరస్సులో స్మెల్ట్ అనే చిన్న చేపని వదిలారు. వాలైకి అదే ముఖ్యాహారం అయింది. స్మెల్ట్ వసంతంలో ఒడ్డు దగ్గర లోతులేని చోట గుడ్లు పెడుతుంది. ఆ వారాల్లో నీళ్ళు దించితే గుడ్లు ఎండిపోతాయి. వేసవిలో దానికి అడుగున చల్లటి నీళ్ళు కావాలి, సరస్సు తగ్గితే ఆ చల్లపొర కూడా తరిగిపోతుంది. స్మెల్ట్ తగ్గితే వాలై బక్కచిక్కుతుంది.

2002లో కరువు ముదిరినప్పుడు ఇది కోర్టుకి వెళ్ళింది. చేపలు గుడ్లుపెట్టే కాలంలో ఓఆహీ సరస్సు మట్టం దించకూడదని సౌత్ డకోటా ఉత్తర్వు తెచ్చుకుంది. అయితే సకాకవియా నుంచి వదులుదామనుకుంటే నార్త్ డకోటా ఇంకో ఉత్తర్వు తెచ్చుకుంది. ఫోర్ట్ పెక్ కోసం మోంటానా మూడోది తెచ్చుకుంది. నీళ్ళు వదలాల్సిందేనని దిగువనున్న నెబ్రాస్కా నాలుగోది తెచ్చుకుంది. కృష్ణా జలాల తగాదా చూస్తూ పెరిగిన మనకి ఇందులో కొత్తేమీ కనపడదు. 2003లో అప్పీలు కోర్టు ఎగువ రాష్ట్రాల ఉత్తర్వులని కొట్టేసి, నెబ్రాస్కాది నిలబెట్టింది.

ఇన్ని రాష్ట్రాలు ఇంత గట్టిగా పోట్లాడిన ఆ రోజుల్లోనే, ఓఆహీ సరస్సు పక్కనున్న స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌లో, 2003 నవంబరులో, ఫోర్ట్ యేట్స్ ఊరికి నీళ్ళు తోడే గొట్టం పూడికతో మూసుకుపోయి రోజుల తరబడి మంచినీళ్ళు లేకుండా పోయాయి. వాళ్ళ నేలని ముంచి కట్టిన సరస్సు ఒడ్డునే.

ఇది ఎవరి ఊరు?

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మాది సాగర్ కుడి కాలువ కింది పల్లె. 1967లో కాలువకి నీళ్ళు వదిలాక మా తాత మెట్ట చేను మాగాణి అయింది. ఆ వరి డబ్బుతో మా నాన్న చదివాడు, నాకు ఇంజనీరింగ్ సీటు కూడా ఆ నీళ్ళ పుణ్యమే. డ్యామ్ అంటే మా ఇంట్లో దేవుడితో సమానం. నా భార్యది అప్పటి కర్నూలు జిల్లా, నందికొట్కూరు వైపు. వాళ్ళ ఊరు 1981లో శ్రీశైలం కింద మునిగింది. శ్రీశైలం ముంపులో సుమారు వంద ఊళ్ళు పోయాయి, అందులో అదొకటి. ఆమె పుట్టేసరికి ఊరే లేదు. అలా మా ఇంట్లో కాలువ పక్షం, ముంపు పక్షం రెండూ ఉన్నాయి.

మా మావగారు 2006లో మా దగ్గరికి వచ్చారు. అక్టోబరులో సరస్సు చూపిద్దామని తీసుకెళ్ళాను. అప్పటికీ నీళ్ళు బాగా కిందే ఉన్నాయి. న్యూ టౌన్ పడమర పక్క క్రో ఫ్లైస్ హై అనే గుట్ట మీద నిలబడితే సరస్సు, కొత్తగా కట్టిన ఫోర్ బేర్స్ వంతెన కనిపిస్తాయి. నీళ్ళు తగ్గిన రోజుల్లో ఇంకోటి కూడా కనిపిస్తుంది. పాత శానిష్ ఊరి పునాదులు, కాలిబాటల ముక్కలు. బూడిదరంగు బురదలో గీతలు గీసినట్టు.

ఆయన చాలాసేపు చూశారు. "ఇది ఎవరి ఊరు నాయనా?" అన్నారు. చెప్పాను. శానిష్ గురించీ, ఎల్బోవుడ్స్ గురించీ. "నష్టపరిహారం ఎంతిచ్చినారు?" అన్నారు వెంటనే. తెగలకి మొదట 51 లక్షల డాలర్లు, 1949లో ఇంకో 75 లక్షలు అని చెప్పి మనసులో భాగించాను. మొదటి మొత్తం ఎకరాకి 33 డాలర్లు. రెండూ కలిపినా వంద కాదు. ఆయన తల ఊపారు. "మాకూ అట్లే లెక్కగట్టినారు. చెట్టుకింత, గోడకింత. నీడకి లెక్క ల్యాదు."

ప్రతి ఎండాకాలం శ్రీశైలం నీళ్ళు తగ్గాక ఆయన తన ఊరి దగ్గరికి వెళ్ళి వస్తారని నాకు అంతకుముందే తెలుసు. సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి బయటపడిందని పేపర్లో ఫోటో వస్తే మనందరం చూస్తాం, కొందరు యాత్రకీ వెళ్తారు. గుడి తేలినట్టే దాని చుట్టుపక్కల ఊళ్ళూ తేలుతాయి. వాటికి ఫోటోగ్రాఫర్లు రారు. ఇంటివాళ్ళు వెళ్తారు, గడప ఎక్కడుండేదో కాలితో వెతుక్కుంటారు.

రెండు తవ్వకాలు

ఆ ప్రయాణం తరవాత చదువుకుంటూ పోతే ఒక విషయం నన్ను ఆపేసింది. లైక్ ఎ ఫిష్‌హుక్ ఊరిని నీళ్ళు ముంచేలోగా పురావస్తు శాఖవాళ్ళు 1950 నుంచి 1954 దాకా హడావిడిగా తవ్వారు. సరిగ్గా 1954లో మన నాగార్జునకొండ లోయలో తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. ఒకే దశాబ్దంలో, రెండు ఖండాల్లో, రెండు నదుల ఒడ్డున, ఒకే పరుగు. మన స్కూలు పుస్తకంలో ఇక్ష్వాకుల విజయపురిని ఎలా కాపాడారో ఉంది. స్తూపాలని రాయి రాయి విప్పి కొండమీదికి చేర్చారని చదువుకున్నాం, అది నిజంగానే గొప్ప పని. అదే లోయలో మునిగిన పల్లెల పేర్లు మాత్రం మా పుస్తకంలో లేవు. పదహారు వందల ఏళ్ళ నాటి ఊరికి మ్యూజియం, నిన్నటి ఊరికి చెక్కు.

ఆ చెక్కు లెక్క కూడా తేలడానికి చాలాకాలం పట్టింది. మూడు తెగలకి జరిగింది అన్యాయమని ఒప్పుకుని అమెరికా కాంగ్రెస్ 1992లో 14 కోట్ల 92 లక్షల డాలర్ల నిధి ఇచ్చింది. మునిగిన ఎల్బోవుడ్స్ ఆసుపత్రికి బదులు ఆరోగ్య కేంద్రం న్యూ టౌన్‌లో 2011లో తెరిచారు, అర్ధశతాబ్దం దాటాక. మన దగ్గర ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిస్తామని 1986లో వచ్చిన 98వ నంబరు జీవో పట్టుకుని శ్రీశైలం ముంపువాళ్ళ పిల్లలు ఎన్నేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలవాళ్ళని అడగండి.

నీళ్ళ కింద నేల ఎవరిదన్న తగాదా ఇంకా ముందుకొచ్చింది. ఆ ప్రాంతంలో బాకెన్ చమురు పడ్డాక నది అడుగున ఉన్న ఖనిజాల హక్కు ఎవరిదన్న ప్రశ్న లేచింది. తెగలదేనని కేంద్రంలో ఇంటీరియర్ శాఖ న్యాయాధికారి 2017లో అన్నారు. 2020లో ప్రభుత్వం మారిన తరవాతి అధికారి రాష్ట్రానిదన్నారు. 2022లో మళ్ళీ తెగలదేనన్నారు. నీళ్ళు కప్పినంత మాత్రాన నేల కనపడకుండా పోతుందేమో గాని, లెక్కలోంచి పోదు.

డబ్బుతో తేలని లెక్క ఇంకోటి ఉంది. ఊరూ ఊరూ ఆనుకుని ఉన్న లోయలో ముసలివాళ్ళ మాట పిల్లల చెవిన పడేది. లోయ పోయి జనం చెదిరిపోయాక ఆ వినికిడి తగ్గింది. బళ్ళలో ఇంగ్లీషు నిర్బంధం, అంతకు ముందరి మశూచి, అన్నీ కలిశాయి, ఒక్క డ్యామ్ మీదకే తోసెయ్యలేం. మాండన్ భాషని పుట్టుకతో ధారాళంగా మాట్లాడిన చివరి మనిషి ఎడ్విన్ బెన్సన్ 2016లో చనిపోయారు. పిల్లలకి తెలుగు నేర్పడానికి ఆదివారం బడులు నడుపుకుంటున్న మనకి ఈ వాక్యం విడమర్చి చెప్పక్కర్లేదు.

2011లో వరద వచ్చి సకాకవియా నిండింది. కట్టినప్పటినుంచి వాడాల్సిన అవసరం రాని స్పిల్‌వే గేట్లు మొదటిసారి ఎత్తారు. కరువులో బయటపడిన నేలమీద మొలిచిన గడ్డీ తుప్పలూ నీట మునిగి చేపపిల్లలకి మేతా, చాటూ అయ్యాయి. శానిష్ గోడలు మళ్ళీ నీళ్ళ కిందికి వెళ్ళాయి. నిండిన సరస్సు అందంగానే ఉంటుంది. పునాదులు కనపడని రోజున అక్కడికి వెళ్ళేవాళ్ళకి అది ఎప్పటినుంచో ఉన్న సరస్సే అనిపిస్తుంది.

డ్యాములు కట్టకూడదని నేను అనడం లేదు. ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ మాట నా నోట రాదు. ఆయకట్టు లెక్క రాసిన పుస్తకంలోనే ముంపు లెక్క కూడా, ఊళ్ళ పేర్లతో సహా, ఉండాలని అంటున్నాను. మన పిల్లలు ఇక్కడ ఇంజనీర్లవుతున్నారు, రేపు ఇలాంటి గీతలు గీసేది వాళ్ళే.

మీలో ఎవరైనా అటు వెళ్తే అక్టోబరులో వెళ్ళండి. నార్త్ డకోటా లైసెన్సు తీసుకోండి, రోజుకి మనిషికి అయిదు వాలైలు. న్యూ టౌన్ దగ్గర ఆ తెగలవాళ్ళు నడుపుకునే సాంస్కృతిక కేంద్రంలో ఒక పూట గడపండి. సోనార్ తెర మీద నేల చదునుగా ఉండి, ఉన్నట్టుండి తిన్నగా ఒక గట్టు లేచిందంటే అది రోడ్డు కావచ్చు. దాని పక్కనే చేప ఉంటుంది. గాలం వేసేముందు పిల్లలకి చెప్పండి, వాన్ హుక్ ఒక ఊరి పేరని.